నగారా మోసుకొచ్చిన జీవితం: సంత్ సేవాలాల్ మహరాజ్



ఫిబ్రవరి 15 వచ్చిందంటే కామారెడ్డిలోకి, ఎల్లారెడ్డిలోకి మన తండాలు దిగి వస్తాయి. గాంధారి, లింగంపేట, మాచారెడ్డి, నాగిరెడ్డిపేట దిక్కుల నుంచి ట్రాక్టర్ల మీద, ఆటోల్లో, బైకుల మీద జనం వస్తారు. తెల్ల జెండాలు, డీజే బండి ముందు గంతులేసే పిల్లలు. ఆ బండి వెనక, దానితో తమకేమీ సంబంధం లేనట్టు, తమ పాట తామే పాడుకుంటూ గుండ్రంగా తిరిగే యాడీలు. అందరికంటే ముందు ఫ్లెక్సీ మీద, తలపాగాతో, తెల్లబట్టల్లో సేవాలాల్ మహరాజ్ బొమ్మ.

ఆ బొమ్మ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది ఆయనను చూసి గీసింది కాదు. ఆయన కాలంలో గీసిన చిత్రపటం మన దగ్గర ఒక్కటీ లేదు. ఆయన రాసిన పుస్తకమూ లేదు, మన గోర్ బోలీకి సొంత లిపే లేదాయె. మరి దాదాపు మూడు వందల ఏళ్ల కిందట పుట్టిన మనిషి తల్లి పేరు, తండ్రి పేరు, ఆఖరికి గుర్రం పేరు కూడా మన నాయనమ్మకు ఎట్లా తెలుసు? పాట వల్ల తెలుసు. పాటను నగారా పట్టుకుంది, నగారాను అడుగు పట్టుకుంది. ఈ వ్యాసంలో సేవాలాల్ జీవితం చెప్పుకుందాం. దాన్ని ఇంత దూరం ఎవరు మోసుకొచ్చారో కూడా చెప్పుకుందాం. ఇప్పుడు ఆ బరువు మీ భుజాల మీదికి వస్తోంది కాబట్టి.

గుత్తి దగ్గర పుట్టిన బిడ్డ

పెద్దల లెక్క ప్రకారం ఆయన పుట్టింది 1739 ఫిబ్రవరి 15న. ఊరు అనంతపురం జిల్లా గుత్తి దగ్గరి గొల్లలదొడ్డి. ఆ చోటిని ఇప్పుడు సేవాగఢ్ అంటున్నాం. కర్ణాటక బంజారాలు దావణగెరె జిల్లాలోని సూరగొండనకొప్పను భాయాగఢ్ అని పిలుచుకుంటూ అంతే భక్తితో కొలుస్తారు. జయంతికి మాల వేసుకుని కాలినడకన అక్కడికి చేరుకుంటారు. తండ్రి భీమా నాయక్, తల్లి ధర్మణి యాడి. రాఠోడ్లలో రామావత్ గోత్రం. అన్నదమ్ముల్లో సేవా పెద్దవాడు.

ఇప్పుడు తండా అంటే మనకు ఊరు. రేషన్ కార్డు మీద ఉండేది, ఆధార్ మీద ఉండేది. భీమా నాయక్ కాలంలో తండా అంటే కదిలేది. వేల ఎడ్లు, ఒక్కో ఎద్దు వీపు మీద రెండు వైపులా వేలాడే గోనెలు, వాటిలో ఉప్పు, ధాన్యం. ఎడ్ల వెంట ఆడవాళ్లు, పిల్లలు, కుక్కలు, ముసలివాళ్లు అందరూ నడిచేవాళ్లు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే పది పన్నెండు వేల ఎడ్ల బిడారులను చూసి రాసుకున్నాడు. అంత మంద దారికి అడ్డం వస్తే వెనక వచ్చేవాళ్లు రోజుల తరబడి ఆగాల్సిందే. సముద్రం ఒడ్డున పండిన ఉప్పు దక్కను నడిబొడ్డున ఉన్న పల్లె వంటింటికి చేరిందంటే అది మన ఎడ్ల వీపు మీదనే. రాజులు యుద్ధానికి పోయినా సైన్యానికి తిండి మనమే మోశాం. మొఘలులకు, నిజాముకు, మరాఠాలకు, తర్వాత ఇంగ్లీషువాళ్లకు కూడా. ఎవరు గెలిచినా ఓడినా అందరికీ ఆకలి ఒకటే కాబట్టి, బంజారా బిడారును దోచుకోకుండా వదిలేయడం ఒక కట్టుబాటుగా ఉండేది.

సేవాలాల్ పెరిగిన కాలం అట్లాంటిది. ఆయన పుట్టిన గుత్తి కోటే మురారిరావు ఘోర్పడే చేతిలో కొన్నాళ్లుండి హైదర్ అలీ చేతికి పోయింది. కోటలు ఇట్లా చేతులు మారుతుంటే వాటి మధ్య దారుల మీద బతికిన జాతిలో పుట్టిన పిల్లవాడికి మొదట అప్పగించిన పని ఆవులు కాయడం.

ఆవులు కాసిన రోజుల కథలే మన పాటల్లో ఎక్కువ. అడవిలో ఒంటరిగా ఉన్న పిల్లవాడు తడి మట్టితో శిరా వండాడట. కంచు పళ్లేన్ని నగారా చేసుకుని వాయించాడట. ఇది నిజంగా జరిగిందా అని అడిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటారు. అడగడంలో తప్పు లేదు. అయితే ఆ కథలో ఏమేం ఉన్నాయో కూడా చూడండి. బంగారం లేదు, సింహాసనం లేదు, మంత్రదండం లేదు. కాళ్ల కింద ఉన్న మట్టి, సద్ది కట్టిన పళ్లెం, అంతే. మన జాతి తన మహాపురుషుడి మొదటి మహిమను వంటతో, వాద్యంతో చెప్పుకుంది. ఇవాళ్టికీ సేవాలాల్ భోగ్‌లో ఉండేవి ఆ రెండే: నిప్పుల మీద వేసే తీపి, దాని పక్కన మోగే నగారా.

అమ్మవారితో పేచీ

ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద ఘట్టం జగదంబతో వచ్చిన పేచీ. కొన్ని తండాల్లో ఆమెను మరియమ్మ అంటారు, కొన్ని చోట్ల ఊరికే యాడి అంటారు. అమ్మవారు సేవాను తన భగత్‌గా కోరుకుంది. సేవా ఒప్పుకోలేదు. ఆమె రక్తబలి అడిగే దేవత. ఆవులమందలో పెరిగిన ఈ పిల్లవాడికి మెడ కోసే పూజ నచ్చలేదు. ఏళ్ల తరబడి ఆమె అడిగింది, ఈయన కాదన్నాడు. తండాకు కష్టాలు వచ్చాయి, పశువులకు తెగులు వచ్చింది, తండ్రి బతిమాలాడు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారని కథ. ఆయన ఆమెను కొలుస్తాడు, అయితే ఆయన పూజలో నెత్తురు ఉండదు. పెళ్లి కూడా చేసుకోలేదు. చివరిదాకా బ్రహ్మచారిగానే ఉన్నాడు.

మన తండా గుళ్లలో తెల్ల జెండా ఒకటి, ఎర్ర జెండా ఒకటి పక్కపక్కనే ఎందుకు ఎగురుతాయో ఇప్పుడు అర్థమవుతుంది. తెల్లది సేవాభాయాది, ఎర్రది యాడిది. ఒకరు గెలిచి ఇంకొకరు ఓడిన కథ అయ్యుంటే ఒక్క జెండానే మిగిలేది. భోగ్ నాడు సేవాభాయాకు బెల్లం, నెయ్యి, గోధుమపిండి కలిపిన తీపి నిప్పుల్లో వేస్తాం. అమ్మవారికి మేకను కోసే తండాలు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. అది మాత్రం ఆయన భోగ్‌లో కలవదు. అదొక వేరే పూజ. చదువుకున్న పిల్లలు దీన్ని చూసి మనవాళ్లకు ఒక పద్ధతి లేదంటుంటారు. నాకు మాత్రం ఇదే పద్ధతిగా కనిపిస్తుంది. పాతదాన్ని కొట్టేయకుండా దాని పక్కనే తన మాట నిలబెట్టుకున్న మనిషి ఆయన.

ఇంకొకటి గమనించండి. మనం ఆయనను స్వామీ అనం. సభల్లో మహరాజ్ అంటాం, ఇంట్లో మాత్రం సేవాభాయా అంటాం. భాయా అంటే అన్న. దేవుడంతటి మనిషిని అన్నా అని పిలిచే జాతి మనది.

పెద్దయ్యాక ఆయన తండా నుంచి తండాకు తిరిగాడు. తెల్లగుర్రం తోళారాం ఆయన వెంట ఉండేదని పాటలు చెబుతాయి. దొంగతనం వద్దన్నాడు, సారా వద్దన్నాడు, అడవిని నరకొద్దన్నాడు, ఆడవాళ్లను గౌరవించమన్నాడు, తండా తగాదాను తండాలోనే తీర్చుకొమ్మన్నాడు. ఇవి గొప్ప మాటలే, అయితే ఏ సాధువైనా చెప్పే మాటలే అనిపిస్తాయి కదా. బిడారు బతుకులో పెట్టి చూస్తే వీటి బరువు వేరు. ఇంకొకరి ఉప్పు, ఇంకొకరి ధాన్యం మోసే జాతికి నమ్మకమే పెట్టుబడి. ఒక్క తండాలో ఒక్క మూట మాయమైతే ఆ దారి మీది అన్ని తండాలకూ బేరం పోతుంది. తాగి పడుకున్నవాడి ఎడ్లు పులి పాలవుతాయి. దారిలో చెరువు, మేత, నీడ మిగలాలంటే ముందుపోయే తండా వెనకొచ్చే తండా కోసం వాటిని మిగిల్చిపోవాలి. ఇవన్నీ దారి నేర్పిన కట్టుబాట్లు.

ఆయన ముందే చెప్పాడని మనవాళ్లు తలుచుకునే సంగతుల్లో ఒకటి మీకు తెలిసే ఉంటుంది. నీళ్లను డబ్బులిచ్చి కొనుక్కునే రోజు వస్తుందని. మంజీర మీద నిజాంసాగర్ కట్టింది 1923 నుంచి 1931 మధ్య. ఆ నీళ్లకు ఇంత దగ్గరగా ఉన్న ఎల్లారెడ్డి పల్లెల్లో కూడా ఇవాళ ఇరవై లీటర్ల క్యాను కొనని ఇల్లు తక్కువ. ఆ మాట వచ్చినప్పుడు భజనలో ముసలివాళ్లు ఎందుకు నవ్వుతారో, ఆ నవ్వు వెంటనే ఎందుకు ఆగిపోతుందో అర్థమవుతుంది.

ఆయన ఆఖరి రోజులు మహారాష్ట్రలో గడిచాయి. రూయీగఢ్‌లో కన్నుమూశారని, పోహ్రాగఢ్‌కు తీసుకొచ్చి సమాధి చేశారని సంప్రదాయం. ఇప్పటి వాశిం జిల్లాలో ఉన్న ఆ పోహ్రాదేవికి శ్రీరామనవమి జాతరకు మన జిల్లా నుంచి కూడా బండ్లు కట్టుకుని పోతారు. ఆయనకు పిల్లలు లేరు కాబట్టి తమ్ముళ్ల వంశమే అక్కడి గద్దెను నిలబెట్టింది. ఆ గద్దె మీద ఎన్నో ఏళ్లు ఉండి దేశమంతటి తండాలు తిరిగిన రామ్‌రావు మహరాజ్ 2020 అక్టోబరులో వెళ్లిపోయారు.

ఎడ్లు పోయాక ఏం మిగిలింది

సేవాలాల్ పోయిన వందేళ్లలో ఆయన ఎరిగిన ప్రపంచం పూర్తిగా పోయింది. ఉప్పు మీద కుంఫిణీ పెత్తనం వచ్చింది, రోడ్లు పడ్డాయి, చక్రాల బండ్లు వచ్చాయి, ఆ తర్వాత రైలు. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు వేసిన నిజాం రైలు మన కామారెడ్డి మీదుగానే పోయింది. వంద ఎడ్లు వారం రోజులు మోసే సరుకును ఆ రైలు ఒక్క రాత్రిలో దాటించింది. బిడారులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అడవి అంచున, గుట్ట వాలులో, ఊరికి ఇవతల, నీళ్లకు కొంచెం దూరంగా. గాంధారి, మాచారెడ్డి వైపు తండాలు ఎందుకట్లా ఊళ్లకు ఎడంగా ఉంటాయని మీలో చాలామందికి అనుమానం వచ్చే ఉంటుంది. మంచి నేల అప్పటికే ఊళ్ల చేతిలో ఉంది. ఆగినవాళ్లకు మిగిలింది అంచులే.

ఆగడం అంత సుఖంగా కూడా జరగలేదు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం కిందికి బ్రిటిష్ ప్రాంతాల్లో తిరిగే జాతులను ఒక్కొక్కటిగా లాగారు. అనేకచోట్ల లంబాడీలను కూడా అందులో చేర్చారు. నిన్నటిదాకా సైన్యాలకు తిండి మోసినవాళ్లు పోలీసు హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. ఆ ముద్ర చట్టం నుంచి పోయింది 1952లో. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ముందే ఎస్టీలయ్యారు, తెలంగాణ లంబాడీలు 1976 చట్టంతో అయ్యారు. కర్ణాటకలో మనవాళ్లు ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతులు. ఒకే గోత్రం, ఒకే బోలీ, ఒకే సేవాభాయా, మూడు రాష్ట్రాల్లో మూడు రకాల సర్టిఫికెట్లు. మద్నూరు దాటి మహారాష్ట్రలోకి అడుగుపెడితే కాగితం మీద మన పేరే మారిపోతుంది. అక్కడి తండా వాళ్లను మనవాళ్లని గుర్తుపట్టేది ఫేటియాను చూసి, బోలీని విని.

కాగితం ఇట్లా ఉన్నప్పుడు చరిత్రను ఎవరు దాచారు? భాట్‌లు వంశావళి పాడారు. ఢాలియాలు నగారా వాయించారు. వీళ్లిద్దరికీ తండా వాటా ఇచ్చేది, పెళ్లిలో, భోగ్‌లో వాళ్లకు చోటు ఉండేది. ఇది అందరూ ఒప్పుకునే సంగతే. చాలామంది రాయకుండా వదిలేసేది ఆడవాళ్ల సంగతి. సేవాభాయా పాటల్లో పెద్ద భాగం ఆడవాళ్ల నోట్లోనే ఉంది. ఆయన ఆవులు కాసింది, తల్లి ఎదురుచూసింది, గుర్రమెక్కి పోయింది, అన్నీ తీజ్‌లో, పెళ్లిలో, భోగ్‌లో గుండ్రంగా తిరుగుతూ పాడేవాటిలో ఉన్నాయి. ఒక జట్టు ఎత్తుకుంటే ఇంకో జట్టు అందుకుంటుంది. ఒక ముసలమ్మ మరిచిపోయిన మాటను పక్కనున్న కోడలు అందిస్తుంది. పుస్తకాన్ని చెద తింటుంది. ఇరవై మంది నోళ్లలో ఉన్న పాటను తినడం చెదకు చేతకాదు. అయితే ఆ ఇరవై మంది పక్కపక్కన నిలబడాలి.

వలయం, వరస

ఇక్కడే మీతో మాట్లాడాల్సింది ఉంది.

తండాలో మన ఆడవాళ్ల ఆటను జాగ్రత్తగా చూడండి. వలయంగా నిలబడతారు. ముఖాలు లోపలికి, వీపులు బయటికి. నడుము వంచి, చప్పట్లు కొట్టి, ఒక అడుగు ముందుకు, ఒకటి పక్కకు. చూసేవాడికి కనిపించేది కాంచళి వీపు కట్లు, తల మీది టుక్రి, దాని కుట్టుపని. ముఖం కనిపించదు. ఎందుకంటే ఆ ఆట చూసేవాడి కోసం కాదు. లోపల తీజ్ బుట్టలుంటాయి, లేదా భోగ్ నిప్పు ఉంటుంది, లేదా పెళ్లికూతురు ఉంటుంది. ఆట వాటి కోసం.

అదే ఆట కాలేజీ వార్షికోత్సవానికి, జిల్లా ఉత్సవానికి పోయినప్పుడు వలయం విచ్చుకుని వరస అవుతుంది. ముఖాలు అతిథుల వైపు తిరుగుతాయి. నాలుగు నిమిషాల్లో ముగియాలి కాబట్టి అడుగు వేగం పెరుగుతుంది. ఆడేవాళ్లు పాడలేరు కాబట్టి పాట పెన్‌డ్రైవ్‌లోకి పోతుంది. ఇది తప్పని నేను అనను. వేదిక అంటే అంతే మరి. వేదిక ఎక్కకపోతే కామారెడ్డి బజారులో సగం మందికి మన ఆట ఉందనే తెలియదు. అద్దె దుకాణంలో దొరికే లెహంగాకు నాలుగు అద్దాలు అతికించి ఫేటియా అనడం మాత్రం నాకు మింగుడుపడదు. ఫేటియా బరువే అడుగును నిర్ణయిస్తుంది. బట్ట తేలికైతే అడుగు సినిమా అడుగు అయిపోతుంది. కావాలంటే మీ అవ్వ ఫేటియా ఒక్కసారి కట్టుకుని ఆడి చూడండి, నడుము దానంతటదే ఎక్కడ వంగాలో అక్కడ వంగుతుంది.

ఆ బట్టలో ఏముందో కూడా చూడండి. గవ్వలున్నాయి. సముద్రం ముఖం చూడని ఎల్లారెడ్డి తండా ఆడపడుచు గుండెల మీద సముద్రపు గవ్వ ఎట్లా వచ్చింది? ఉప్పు కోసం తీరానికి పోయిన ఎడ్ల వెంట వచ్చింది. ఒకప్పుడు ఆ గవ్వ డబ్బు కూడా. పాత నాణేలున్నాయి, అవి ఎవరెవరి రాజ్యంలో బేరం చేశామో చెబుతాయి. అద్దాలున్నాయి, అడవి దారిలో మెరిసి జంతువును బెదరగొట్టడానికని పెద్దలు చెబుతారు. చెంపల మీద వేలాడే ఘూగ్రి టోప్లి పెళ్లయిన మనిషని చెబుతుంది. చేతి నిండా బలియా. లెక్కల పుస్తకం లేని వ్యాపారులు తమ లెక్కలన్నీ భార్యల, చెల్లెళ్ల ఒంటి మీద రాయించారేమో అనిపిస్తుంది. రాసింది కూడా వాళ్లే, సూదితో.

తీజ్ సంగతీ అంతే. వానాకాలం నాలుగు నెలలు ఎడ్లు కదలలేవు, బిడారు ఒకచోట ఆగేది. ఆ ఆగిన శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి నారు పెంచుతారు. మొదటి రోజు రేగుముళ్లకు నానిన శెనగలు గుచ్చుతుంటే బావలు, మరుదులు వాళ్లను కుదిపి ఆటపట్టిస్తారు. చివరి రోజు నారును నీళ్లలో కలిపేటప్పుడు ఏడుపు, పాట కలిసిపోతాయి. పొలం లేని జాతి పొలాన్ని బుట్టలో పెట్టుకుని మోసిందని నాకు తోస్తుంది. ఇప్పుడు మనకు పొలం ఉంది, బోరు ఉంది, మక్క, సోయా వేస్తున్నాం. అయినా బుట్ట వదల్లేదు. తీజ్ నాడు హైదరాబాద్ నుంచి, దుబాయ్ నుంచి కూడా వీడియో కాల్‌లో బుట్టను చూపించమంటారు.

హోలీకి మగవాళ్లు పాడే లేంగి ఇంకా గట్టిగానే ఉంది. సన్నబడుతున్నవి ఢావ్లో, హవేలి. ఢావ్లో అంటే పుట్టిల్లు వదిలేటప్పుడు పెళ్లికూతురు ఏడుస్తూ పాడేది. హవేలి ఆమె ఎద్దు మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, పుట్టింటిని దీవిస్తూ పాడేది. ఇప్పుడు ఎద్దు లేదు, కారు ఉంది. ఫంక్షన్ హాలు ఖాళీ చేయాల్సిన టైము ఉంది. పాడటం రాని పెళ్లికూతురు తలొంచుకుని కారెక్కుతుంది. అంతసేపు ఏడ్చే హక్కు, అంతసేపు మాట్లాడే హక్కు ఆమెకు ఆ పాట ఇచ్చేది.

అట్లా అని అంతా పోతోందని చెప్పడం కూడా అబద్ధమే. పక్కనే నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్ తన కథల పుస్తకానికి ఢావ్లో అనే పేరే పెట్టాడు. 2024లో దానికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అదే ఏడాది పద్మశ్రీ అందుకున్న కేతావత్ సోమ్‌లాల్ గారు భగవద్గీతను మన బోలీలోకి, తెలుగు లిపిలో తెచ్చారు. కర్ణాటకలో సండూరు ఆడవాళ్ల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జరిగిన జీ20 సమావేశం సందర్భంగా 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు ఎక్కించారు. మన ఆదిలాబాద్ గోండు సోదరులను చూడండి. మర్లవాయి కనకరాజు గారు గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకుపోయారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. అయినా దండారి రోజుల్లో గుస్సాడీ వేసేవాళ్లు స్నానం చేయకూడదన్న నియమం వాళ్ల ఊళ్లలో అట్లాగే ఉంది. వేదిక వేరు, దీక్ష వేరు అని వాళ్లు తేల్చుకున్నారు. రెండిటినీ కలిపేయకుండా రెండిటినీ ఆడుతున్నారు.

మనవాళ్లూ కట్టడాలు కట్టుకుంటున్నారు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో, మన పేరున్న ఆ గుట్టల మీద మనకంటూ ఒక చోటు లేదన్న బాధ తీరుతూ, 2022 సెప్టెంబర్ 17న సేవాలాల్ బంజారా భవన్ తెరిచారు. పోహ్రాదేవిలో 2024 అక్టోబరు 5న బంజారా విరాసత్ మ్యూజియం తెరుచుకుంది. దాని పేరు నగారా, దాని ఆకారమూ నగారానే. నాలుగు అంతస్తుల భవనాన్ని ఒక వాద్యం ఆకారంలో కట్టాలని ఎవరికి తోచిందో గాని, సరైన ఆలోచన. కంచు పళ్లేన్ని వాయించిన పిల్లవాడికి అంతకంటే తగిన గుడి ఉండదు.

మీలో బొమ్మలు గీసేవాళ్లున్నారు, రీల్స్ చేసేవాళ్లున్నారు, పాటలు మిక్స్ చేసేవాళ్లున్నారు. సేవాభాయా బొమ్మను కొత్తగా గీయండి. ఆయనను చూసినవాళ్లెవరూ లేరు కాబట్టి మీ చేతులకు అడ్డం లేదు. పులి పక్కన పెట్టినా, ట్రాక్టర్ పక్కన పెట్టినా ఆయన ఏమీ అనడు. ఆవులు మాత్రం ఉండేటట్టు చూడండి. డీజే పాట చేసినా బోలీలో చేయండి. హిందీ పాటకు బంజారా అని పేరు పెట్టి వదిలితే మీ చెల్లెలు దాన్నే మన పాట అనుకుంటుంది. తండాలో ఇంకా నగారా వాయించగలిగినవాళ్లు ఎంతమంది, సేవాభాయా పాట మొదటి నుంచి చివరిదాకా పాడగలిగిన యాడీలు ఎంతమంది, వాళ్ల వయసెంత, ఈ తీజ్ లోపల ఒక కాగితం మీద రాయండి. చాలా తండాల్లో ఆ కాగితం ఒక పక్క కూడా నిండదు. పాడగలిగినవాళ్ల దగ్గర ఫోను పెట్టి రికార్డు చేయండి, అయితే ఒక్కరినే కూర్చోబెట్టి చేయకండి. ఒంటరిగా పాడమంటే వాళ్లకు సగం గుర్తురాదు. నలుగురిని పిలిచి వలయంగా నిలబెట్టండి. అడుగు పడితే మాట దానంతటదే వస్తుంది. పాట ఎత్తుకున్నాక మీరు ఫోను పట్టుకుని బయట నిలబడితే చాలదు. ఫోనును గోడకు ఆనించి లోపలికి పోయి వాళ్ల చెయ్యి పట్టుకోండి. రెండో జట్టుకు మనుషులు కావాలి.